ఒంటరిగా వచ్చిన పిల్లల కేసు: మనమే వాదించాలా, వాదించేవారికి జీతమివ్వాలా?

అమెరికాలో న్యాయవాదులుగా స్థిరపడిన మన తెలుగు మిత్రులు నన్ను తరచు ఒకే ప్రశ్న అడుగుతుంటారు. తల్లిదండ్రులు వెంట లేకుండా సరిహద్దు దాటి వచ్చిన పిల్లల కేసు ఒకటి తామే ఉచితంగా చేపట్టడం మేలా, లేక ఆ పనికే జీతం మీద న్యాయవాదులను పెట్టుకున్న స్వచ్ఛంద సంస్థకు డబ్బివ్వడం మేలా అని. నేను మాత్రం ఈ ఏడాది డబ్బే ఇచ్చాను.

ఇమ్మిగ్రేషన్ కోర్టులో లాయరును పెట్టుకునే హక్కు పిల్లలకూ ఉంది గాని, ఆ ఖర్చు ప్రభుత్వానిది కాదని చట్టమే చెబుతుంది. 2008 నాటి చట్టం ‘వీలైనంత మేరకు’ న్యాయవాది దొరికేలా చూడమని ఆరోగ్య, మానవ సేవల శాఖను ఆదేశించింది. ఆ ‘వీలైనంత’ అన్న మాట దగ్గరే పేచీ అంతా. మూడు నాలుగేళ్ల పసివాళ్లకు కూడా తాను ఇమ్మిగ్రేషన్ చట్టం నేర్పగలిగానని ఒక సీనియర్ న్యాయమూర్తి 2015లో ప్రమాణపూర్వకంగా చెప్పారు. 2014లో సిరక్యూస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కోర్టు రికార్డులు తిరగేసి చూస్తే, లాయరు ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి దేశంలో ఉండే అనుమతి దొరికింది. లాయరు లేని పిల్లల్లో పదింట తొమ్మిది మందికి బహిష్కరణ ఉత్తర్వే వచ్చింది. కాబట్టి లాయరు కావాలా వద్దా అన్న చర్చ అనవసరం.

ఎవరు మేలు అన్నదానికి నా దృష్టిలో కొలత ఒక్కటే, మొదటి వాయిదాకు వచ్చిన మనిషే చివరి వాయిదాకూ ఉంటారా అన్నది. ఈ కేసు ఒకచోట నిలిచేది కాదు. టెక్సాస్ శిబిరంలో మొదలై, పిల్లవాడిని మేరీలాండ్‌లోని మేనమామకు అప్పగించాక అక్కడి కోర్టుకు మారుతుంది. తల్లిదండ్రుల హింసకో నిరాదరణకో గురైన పిల్లలకిచ్చే ప్రత్యేక బాలల హోదా కోసం ముందు రాష్ట్ర కోర్టులో ఉత్తర్వు తెచ్చుకోవాలి, ఆ తర్వాత పౌరసత్వ, వలస సేవల విభాగంలో దరఖాస్తు వేయాలి, ఈలోగా ఇమ్మిగ్రేషన్ కోర్టులో వాయిదాలకు హాజరవుతూనే ఉండాలి. అంటే ఒకే పిల్లవాడికి మూడు చోట్ల మూడు వకాల్తాలు. చాలా రాష్ట్రాల్లో పద్దెనిమిదేళ్లు నిండితే మొదటి తలుపైన రాష్ట్ర కోర్టే మూసుకుపోతుంది. అన్నీ దాటినా గ్రీన్‌కార్డు వచ్చేది ఈబీ-4 (ఉద్యోగాధారిత గ్రీన్‌కార్డుల్లో నాలుగో తరగతి) వరసలో. ఈబీ-2, ఈబీ-3 తరగతుల్లో తమ వంతు ఎప్పుడో తెలిపే వీసా బులెటిన్ కోసం నెలనెలా ఎదురుచూసే మనవాళ్లకు ఆ నిరీక్షణ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

నేను చూసిన ఒక వాయిదాలో గ్వాటెమాలా కుర్రాడొకడు, హెడ్‌ఫోన్లలో వినబడే స్పానిష్ అనువాదానికి ప్రతి ప్రశ్నకూ ‘సీ, సీ’ అని తలూపుతూ కూర్చున్నాడు. వాడి మాతృభాష మామ్ అనీ, స్పానిష్ అంతంతమాత్రమనీ ఆ గదిలో తెలిసినది వాడి లాయరుకు ఒక్కరికే, ఆమె అంతకుముందు నాలుగుసార్లు వాడితో కూర్చుని ఉండటం వల్ల. ఆమె లేచి అభ్యంతరం చెప్పబట్టి వాయిదా పడింది.

ఉచితంగా వచ్చే పెద్ద లా ఫర్ముల న్యాయవాదుల శక్తిని తక్కువ చేయను. మానసిక వైద్యుడి నివేదికకైనా, అనువాదకుడికైనా వెంటనే డబ్బు పెట్టగలరు. అయితే పేటెంట్లూ కంపెనీల విలీనాలూ చూసేవారికి బాలల కోర్టు కొత్త. ఉద్యోగం మారితే కేసు కట్ట ఇంకొకరి బల్ల మీదికి వెళ్తుంది, పిల్లవాడు తన కథ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. స్వచ్ఛంద సంస్థ జీతగాళ్లకు ఇదే రోజువారీ పని.

అయితే వారి బలహీనతా చిన్నది కాదు. 2025 మార్చి 21న అమెరికా కేంద్ర ప్రభుత్వం ఈ పిల్లల లాయర్లకు నిధులిచ్చే కాంట్రాక్టును ఉన్నపళంగా రద్దు చేయడంతో, దాని కింద లాయర్లున్న సుమారు 26,000 మంది పిల్లల కేసులు గాలిలో వేలాడాయి. ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలోని ఫెడరల్ జడ్జి తాత్కాలికంగా అడ్డుపడ్డారు. జీతం ఆగినా, జడ్జి అనుమతి లేనిదే లాయరు కేసు వదిలి పోలేరు. నా కొలత ప్రకారమే చూస్తే ఇది నా వాదనకు పెద్ద దెబ్బ. అందుకే నా డబ్బు, కేంద్ర నిధుల మీదే ఆధారపడకుండా రాష్ట్రం నుంచీ దాతల నుంచీ కూడా తెచ్చుకునే సంస్థకిచ్చాను. కాలిఫోర్నియా అయితే 2014లోనే ఈ పిల్లల కోసం రాష్ట్ర నిధులు కేటాయించింది.

ఫీజు తీసుకునే ప్రైవేటు లాయర్లలో మంచివారూ ఉన్నారు; ఆ ఫీజు మేనమామ అప్పుగా మారుతుందన్నదే బాధ. కోర్టు పనులు రాని వారు బాలల హితవాదిగా చేరవచ్చు; అది పిల్లవాడి మేలు గురించి చెప్పే పాత్రే తప్ప లాయరుకు ప్రత్యామ్నాయం కాదు.

ఇంత చెప్పినా కేసే చేపడతామనేవారు, వకాల్తా మీద సంతకం పెట్టేముందే, తాము ఉద్యోగం మారితే ఆ పిల్లవాడి కేసు ఎవరు చూస్తారో తమ సంస్థవారి చేత పేరుతో సహా కాగితం మీద రాయించుకోవాలి.