అల్లుడు తెచ్చే రెండు సీసాలు: మోజెల్ రీస్లింగా, మార్ల్‌బరో సావిన్యానా?

"అన్నా, మా బావమరిది ఎయిర్‌పోర్టులో ఉన్నాడు, గంటలో ఎక్కేస్తాడు, వైట్ వైన్ ఏది తెమ్మనమంటావు?" నెలకోసారైనా నాకు ఈ మెసేజ్ వస్తుంది. షిప్పు మీద పనిచేసేవాడో, బయట దేశంలో చదివేవాడో లేని ఇల్లు విశాఖలో వెతుక్కోవాలి కాబట్టి ఇందులో వింతేం లేదు. డ్యూటీఫ్రీలో మనిషికి 2 లీటర్లు. 750 మి.లీ. సీసాలు రెండు పోను అర లీటరు మిగులుతుంది, దాని సంగతి తర్వాత చూద్దాం. అడిగేవాళ్లంతా చివరికి తేల్చుకోలేక ఆగేది రెండింటి దగ్గరే: జర్మనీలోని మోజెల్ లోయ రీస్లింగ్, న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరో సావిన్యాన్ బ్లాంక్. రీస్లింగ్, సావిన్యాన్ అనేవి ద్రాక్ష రకాల పేర్లు, వాటితో చేసిన వైన్‌నీ అలాగే పిలుస్తారు. రెండూ చలి ప్రాంతాలవే, రెండూ పుల్లటివే. విడివిడిగా టైప్ చేసి వేళ్లు నొప్పెడుతున్నాయి, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా, నేను వైన్‌ని ఒక్క వైన్‌గా చూసి మార్కులు వేయను. మన ఇంట్లో అది వంజరం వేపుడు పక్కనో, రొయ్యల ఇగురు పక్కనో, చేపల పులుసు పక్కనో కూర్చోవాలి. అక్కడ నిలబడకపోతే పేరు ఎంత గొప్పదైనా నాకు పనికిరాదు.

చలి ఎందుకు ముఖ్యమో మామిడికాయ తెలిసినవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. కాయలో పులుపు ఉంటుంది, పండేకొద్దీ అది తగ్గి తీపి పెరుగుతుంది. ద్రాక్షలోనూ అంతే. అందులోని మాలిక్ ఆమ్లాన్ని పండు తన శ్వాస కోసం ఖర్చు పెట్టేస్తుంది, రాత్రి ఎంత వేడిగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ. రాత్రి చల్లబడే చోట పులుపు మిగిలి ఉండగానే పండు వాసన పట్టేస్తుంది. "మరి అరకులో చలి ఉంది కదా, అక్కడ వేయొచ్చుగా?" అని ఒక బాబాయ్ అడిగారు. అరకు చలి మనకి చలి, ద్రాక్ష తీగకి కాదు. తీగ ఆకులన్నీ రాల్చి నెలల తరబడి నిద్రపోయే చలికాలం కావాలి. అది లేకే నాసిక్‌లో ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, జనవరి నుంచి మార్చి మధ్యలో కోస్తారు. ఆ నాసిక్ సావిన్యాన్ కూడా తాగొచ్చు, చల్లగా ఉంటే బాగానే ఉంటుంది, కానీ ఇవాళ్టి పోటీలో లేదు.

మార్ల్‌బరోతో మొదలుపెడతా, ఎందుకంటే అందులో తికమక లేదు. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపానికి ఈశాన్య కొసన, 41 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర వైరావ్, అవటేరె లోయలు. అక్కడ ఇప్పటి వైన్ తోటలు మొదలైంది 1973లోనే, అంటే మన స్టీల్ ప్లాంటుకి శంకుస్థాపన జరిగిన తర్వాత. పగలు మంచి ఎండ, రాత్రి చలి. తోటలు చాలావరకు చదునుగా ఉంటాయి కాబట్టి యంత్రం దిగుతుంది, పండు చల్లగా ఉండగానే తేవాలని రాత్రిపూట కోస్తారు. రసాన్ని స్టీలు ట్యాంకుల్లో పోసి, చల్లగా ఉంచి, నిదానంగా పులియనిస్తారు. చక్కెర దాదాపు మొత్తం ఆల్కహాల్ అయిపోయి 13 శాతం దగ్గర ఆగుతుంది. మూత తిప్పగానే పచ్చి క్యాప్సికమ్ వాసన గుప్పుమంటుంది. అది మీ ఊహ కాదు, క్యాప్సికమ్‌కి ఆ వాసన ఇచ్చే పైరజీన్ అనే పదార్థం ఈ ద్రాక్షలోనూ ఉంది. దాని వెనకాలే ప్యాషన్ ఫ్రూట్, పంపరపనస. ఏ కంపెనీ సీసా తెచ్చినా పెద్దగా మోసపోరు. ఇది చిన్న విషయం కాదు, బావమరిది గేటు దగ్గర పరుగెడుతూ కొంటున్నాడని మర్చిపోకూడదు.

ఇక మోజెల్. 50వ అక్షాంశం దగ్గర, ద్రాక్ష పండడమే గగనమైన చోటు. అంత ఉత్తరాన సూర్యుడు పైకి రాడు, వాలుగా కొడతాడు. అందుకని తోటల్ని ఎండకి ఎదురుగా ఉన్న కొండవాలు మీద పెట్టారు. బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మాంట్ అనే తోట వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల దాకా ఉంటుంది. సింహాచలం మెట్లెక్కి ఆయాసపడినవాళ్లు మెట్లు లేకుండా, చేతిలో కత్తెర పట్టుకుని అంతకన్నా నిట్టనిలువు వాలు మీద ద్రాక్ష కోయడం ఊహించుకోండి. ట్రాక్టర్ ఎక్కదు. చాలా తోటల్లో ఒంటి పట్టా మీద నడిచే చిన్న రైలు బండిలో సరుకు కిందకి దించుతారు. నేలంతా పలకరాయి, పగలు కాగి రాత్రికి ఆ వేడిని తీగకి వదులుతుంది. పలకరాయి రుచి వేళ్ల గుండా వైన్‌లోకి దిగుతుందని సీసాలమ్మేవాళ్లు చెబుతారు, అది మాత్రం నేను నమ్మను. రాయి చేసే మేలు వేడి నిలపడం, నీరు నిలవకుండా చూడడం.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. రీస్లింగ్ ఆలస్యంగా పండుతుంది, కోత అక్టోబరులో, ఒక్కోసారి నవంబరులోకీ జారుతుంది. అప్పటికి నేలమాళిగలు చల్లబడిపోతాయి. 1000 లీటర్ల పాత చెక్క పీపాల్లో పులుస్తున్న రసం ఆ చలికి మందగిస్తుంది, ఈస్టు చక్కెరంతా తినకముందే చతికిలబడుతుంది. ఇప్పుడైతే ట్యాంకుని కావాలనే చల్లబరిచి, అడుగున దిగిన ఈస్టుని వేరు చేసి, కాస్త సల్ఫర్ వేసి, వడగట్టి ఆపుతారు. మే నెలలో మన ఇళ్లలో దోసెల పిండి మధ్యాహ్నానికే పులిసిపోతోందని ఫ్రిజ్‌లో తోసేయడం లేదూ, ఆ పనే ఇది. ఫలితంగా ఆల్కహాల్ 8, 9 శాతమే, తినకుండా మిగిలిన చక్కెర కొంత, దాన్ని నిలబెట్టే పులుపు బోలెడు. ఈ రకం పేరు కాబినెట్.

నా లెక్కలో తీర్పు ఇక్కడే తేలిపోతుంది. మిరపకాయ మంటని ఆల్కహాల్ పెంచుతుంది, తీపేమో దాన్ని తగ్గిస్తుంది. ముక్కల పులుసులో చింతపండు ఎక్కువైతే మా అమ్మ అనకాపల్లి బెల్లం ముక్క పడేసేది. పులుపు పోదు, కానీ గొంతు గీరుకోవడం ఆగుతుంది. కాబినెట్ అదే లెక్కతో పనిచేస్తుంది.

మొన్న ఒక ఆదివారం పెదవాల్తేరులో మా ఇంట్లో రెండూ పక్కపక్కనే పెట్టాను. హార్బరు నుంచి తెచ్చిన వంజరం, సగం వేపుడు, సగం పులుసు. మన ఉక్కకి గ్లాసులు పోయగానే చెమట పట్టి, టేబుల్ గుడ్డ మీద గుండ్రటి తడి మచ్చలు. వేపుడు మీద నిమ్మకాయ పిండి మార్ల్‌బరోతో తింటే, ఒప్పుకోవాలి, అదే గెలిచింది. నిమ్మకాయ కలిసినచోట ఆ పచ్చి వాసన బాగా అతుకుతుంది, రీస్లింగ్ పక్కన కొంచెం మెత్తగా అనిపించింది. పులుసు వచ్చేసరికి ఆట తిరగబడింది. రెండో ముద్దకి మార్ల్‌బరో నోట్లో నిప్పు పెట్టింది, దాని వాసనలన్నీ చింతపండు కింద మునిగి చేదు ఒక్కటే మిగిలింది. కాబినెట్ మొదటి గుక్క తాగి మా బావ, "ఏటిది, శ్రీరామనవమి పానకమా?" అన్నాడు. పులుసుతో నాలుగు ముద్దలు తిన్నాక ఏమీ అనలేదు, గ్లాసు మాత్రం ముందుకి జరిపాడు. ఆ సీసా ముందు ఖాళీ అయింది.

మోజెల్‌తో ఉన్న తలనొప్పి లేబుల్. ట్రోకెన్ అని ఉంటే అది తీపి లేని రకం, పులుసు కోసం అడిగి అది తెప్పించుకుంటే నన్ను తిట్టుకుంటారు. జర్మన్ అక్షరాలు చదవలేకపోతే ఆల్కహాల్ అంకె చూడండి చాలు. 10 లోపు ఉంటే తీపి మిగిలినట్టు, 12 దాటితే తీపి లేనట్టు. ష్పెట్‌లేజ అని ఉంటే ఇంకాస్త పండిన ద్రాక్షతో చేసింది, బాగా కారంగా వండే ఇళ్లకి అదీ మంచిదే.

షాబ్లీ అనే ఇంకో వైట్ వైన్ గురించీ ఇద్దరు ముగ్గురు అడిగారు. ఫ్రాన్సులో షార్డొనే అనే ద్రాక్షతో చేస్తారు, మాలిక్ ఆమ్లాన్ని పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తారు కాబట్టి పులుపు మెత్తబడుతుంది. ఉప్పు వేసి ఉడికించిన పీతలు తినేవాళ్లయితే తెప్పించుకోండి. మసాలా పడితే దండగ.

దాచడం గురించి ఒక మాట. మంచి రీస్లింగ్ పదేళ్లు నిలుస్తుందని చదివి అల్మారాలో దాచకండి, మన ఊరి ఎండకి అది పదేళ్లు కాదు, ఒక వేసవి కూడా ఆగదు. నేను ఒకసారి మేలో రెండు గంటలు కారు డిక్కీలో వదిలేస్తే కార్కు పైకి లేచింది, లోపలిది ఉడికిన ఆపిల్ పళ్ల నీళ్లలా తయారైంది. ఫ్రిజ్‌లో కింది అరలో పడుకోబెట్టండి. తాగేటప్పుడు గ్లాసులో కొంచెం కొంచెమే పోసుకోండి, పది నిమిషాలకే వేడెక్కిపోతుంది. మార్ల్‌బరో అయితే అసలు దాచొద్దు, ఏడాది రెండేళ్లకి ఆ గుప్పుమనే వాసన వాడిపోతుంది.

మా మేనల్లుడు వచ్చే నెల వస్తున్నాడు. "మావయ్యా, చెరొకటి తేనా?" అన్నాడు. రెండూ కాబినెట్లే తెమ్మన్నాను. మిగిలిన అర లీటరు పరిమితిలో 375 మి.లీ. ఐస్‌వైన్ సీసా సరిగ్గా పడుతుంది. తీగ మీదే మైనస్ 7 డిగ్రీలకి గడ్డకట్టిన ద్రాక్షని చీకట్లో కోసి, అలాగే పిండుతారు. మంచు లోపలే ఉండిపోయి తేనెలాంటి రసం బయటికి కారుతుంది. దాని ధర ఫొటో తీసి పంపాడు. చూసి, "నీ ఇష్టంరా" అని రాశాను. ఇంకా జవాబు రాలేదు.