బొమ్మల వర్క్‌షాప్: కుట్టుకి మార్కులు వేస్తాను, ‘థెరపీ’కి వెయ్యను

ముందే చెప్పేస్తున్నా, బొమ్మ కుట్టడం చాలా బాగుంది, కట్టిన 1,500 రూపాయలు దండగ అనిపించలేదు. కానీ పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో వేసిన ‘ఆర్ట్ థెరపీ’ అన్న మాట చూసి వెళ్దామనుకుంటే మాత్రం కాస్త ఆగి ఇది చదవండి. స్టూడియో పేరు రాయడం లేదు, హైదరాబాద్‌లో శని, ఆదివారాల్లో ఇలాంటివి ఇప్పుడు చాలా నడుస్తున్నాయి, మొన్నటిదాకా కొవ్వొత్తులు, రెజిన్, ఇప్పుడు గుడ్డ బొమ్మలు.

నచ్చింది ముందు. రావడానికి ముందు రోజు వాట్సాప్‌లో ‘ఇంట్లో పారెయ్యలేక దాచుకున్న పాత బట్ట ఒకటి తెచ్చుకోండి’ అని మెసేజ్ పెట్టారు. ఈ ఒక్క ఆలోచనకి వాళ్ళని మెచ్చుకోవాలి. ఒకావిడ కొడుకు స్కూల్ యూనిఫామ్ చొక్కా తెచ్చింది, ఒకాయన (అవును, మగవాళ్ళు కూడా వచ్చారు, ఇద్దరు) వాళ్ళ నాన్నగారి లుంగీ, నేను మా అమ్మమ్మ వెంకటగిరి చీర చిరుగులు పట్టింది తీసుకెళ్ళాను. బల్ల మీద ఆ బట్టలు పరిచేసరికి ఎవరూ అడక్కుండానే మాటలు మొదలయ్యాయి. బొమ్మ ఒంటికి వాళ్ళిచ్చిన మార్కీన్ గుడ్డ, బట్టలకి మన పాత గుడ్డ, జుట్టుకి ఊలు, లోపల కూరడానికి ఫైబర్. బూరుగు దూది కాకుండా ఫైబర్ ఇవ్వడం మంచిదైంది, ఏసీ గదిలో బూరుగు దూది ఎగిరితే అందరం తుమ్ముతూ కూర్చునేవాళ్ళం, పైగా ఉతికితే అది ఉండ కట్టేస్తుంది.

నేర్పిన అమ్మాయికి పని వచ్చు. కాళ్ళూ చేతులూ ముందు కూరాలి, ఫైబర్‌ని గుప్పెడు గుప్పెడుగా కుక్కకుండా చిన్న చిన్న పోగులుగా పుల్లతో తోయాలి, మెడ దగ్గర గట్టిగా బిగించకపోతే తల వాలిపోతుంది, ఇవన్నీ పక్కన కూర్చుని చూపించింది. ఒక్క లోపం, కుట్టుకి పావు అంగుళం వదిలితే చాలంది. కొత్త గుడ్డకి చాలుతుందేమో గానీ పాత నూలు చీరకి చాలదు, పోగులు ఊడొచ్చి కూరేటప్పుడు పక్కలు విచ్చుకున్నాయి, నాకే కాదు సగం మందికి. పాత బట్ట తెమ్మన్నవాళ్ళు అర అంగుళం వదలమని చెప్పాలి కదా.

సూది పట్టుకున్న గంట, గంటన్నర మాత్రం బంగారం. ఫోన్ చూడాలనిపించలేదు, ఆఫీసు టెన్షన్ ఎటుపోయిందో తెలియలేదు. ఇది నా ఒక్క అనుభవమే కాదు, అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో 39 మంది పెద్దవాళ్ళతో 45 నిమిషాలు బొమ్మలు గీయడం, మట్టి పిసకడం, కొలాజ్ లాంటివి చేయిస్తే దాదాపు 75 శాతం మందిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గింది, అంతకుముందు కళలో అనుభవం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు. కాబట్టి ‘నాకు బొత్తాం కుట్టడం కూడా రాదు’ అనేవాళ్ళు ధైర్యంగా వెళ్ళొచ్చు. అయితే మన స్టూడియో వాళ్ళు దీన్ని గోడకి అంటించి ‘బొమ్మలు డిప్రెషన్‌ని తగ్గిస్తాయని సైన్స్ తేల్చింది’ అని రాసుకున్నారు. ఆ పరిశోధనలో గుడ్డ బొమ్మలూ లేవు, డిప్రెషన్ పేషెంట్లూ లేరు, వాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు.

ఇక అసలు గొడవ. బొమ్మకి మొహం కుట్టే ముందు అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని మీరు పోగొట్టుకున్న మనిషిని తలుచుకోండి, ఆ మనిషితో చెప్పలేకపోయింది ఇప్పుడు ఈ బొమ్మతో చెప్పండి అన్నారు. నేనైతే గంగిరెద్దులా తలూపి ఊరుకున్నాను. కానీ యూనిఫామ్ చొక్కా తెచ్చిన ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది, మామూలు ఏడుపు కాదు, ఆపుకోలేకపోయింది. నిర్వాహకురాలు భుజం తట్టి, ‘గట్టిగా ఊపిరి తీసుకోండి, అంతా బయటికి వదిలెయ్యండి’ అని, రెండు నిమిషాల్లో గ్రూప్ ఫోటోకి లేపేసింది. ఆవిడకి మంచినీళ్ళిచ్చి బయట కూర్చోబెట్టింది లుంగీ తెచ్చిన ఆయన. మీ చదువేమిటని నేను నిర్వాహకురాలిని అడిగితే ఆన్‌లైన్‌లో వారాంతపు కోర్సు ఒకటి చేశానంది. థెరపీ అంటే ముందు మనిషి సంగతి తెలుసుకుని, గోప్యత ఉన్నచోట, మామూలుగా కొన్ని వారాలపాటు, శిక్షణ ఉన్నవాళ్ళు చేసేది. పదిహేను మంది ముందు గాయం కెలికి, టీ బ్రేక్ ఇచ్చేది కాదు. మనసు నిజంగా బాగోలేనివాళ్ళు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టునో, సైకియాట్రిస్టునో కలవండి, అంతవరకు ఆగలేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

బొమ్మకీ దుఃఖానికీ సంబంధం లేదని కాదు నేననేది. 2004 సునామీ తర్వాత పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో ఉపాసన అనే డిజైన్ స్టూడియో, సర్వం పోగొట్టుకున్న మత్స్యకార ఆడవాళ్ళ చేత మిగులు గుడ్డ ముక్కలతో ‘సునామిక’ అనే చిట్టి బొమ్మలు చేయించింది. వాటిని అమ్మరు, ఊరికే ఇస్తారు, విరాళాలతో నడుస్తుంది. అక్కడ మీ బాధ చెప్పండి అని ఎవర్నీ నిలబెట్టలేదనుకుంటా, చేతికి పని, పక్కన నలుగురు మనుషులు, పనికి డబ్బులు. మనం ఎదురు డబ్బులు కట్టి కుట్టుకుంటున్నాం, అది వేరే సంగతి.

డబ్బు దగ్గరికొస్తే, సరుకంతా బయట కొంటే మూడొందలు దాటదు, మిగిలింది నేర్పినందుకూ ఏసీకీ కాఫీకీ. కాఫీ బాగుంది. ఒకసారి చెయ్యి తిరిగాక ఇంట్లోనే కుట్టుకోవచ్చు, సంక్రాంతి బొమ్మల కొలువుకి నాలుగు బొమ్మలు అయితే చేయగలనని నాకు నమ్మకం కుదిరింది.

వెళ్తే పొద్దున బ్యాచ్‌కి వెళ్ళండి, సాయంత్రం ఆ పసుప్పచ్చ లైట్ల కింద తెల్లదారం తెల్లగుడ్డ మీద కనపడదు. కత్తెర మీదే తీసుకెళ్ళండి, అక్కడ ఐదుగురికి ఒకటి. సర్కిల్‌లో కూర్చోవడం ఇష్టం లేదని ముందే చెప్పెయ్యండి, బలవంతం చేయరు, ఆ టైంలో మొహం కుట్టేసుకోవచ్చు. ఐదుకి మూడున్నర.