చెరువు నీళ్లలో డీవో ప్రోబు: ఆరేళ్ల వాడకం తర్వాత

నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను (డిజాల్వ్డ్ ఆక్సిజన్, పొట్టిగా డీవో) కొలిచే పరికరాన్ని మా ల్యాబులో డీవో మీటర్ అంటాం. కేబుల్ కొనకు ఉండి నీళ్లలో మునిగే భాగం ప్రోబు. మొదటిది 2019లో కొన్నాం. అది పల్చటి పొర, లోపల ద్రావణం ఉండే పోలరోగ్రాఫిక్ రకం. మూడేళ్ల తర్వాత కాంతితో పనిచేసే ఆప్టికల్ రకం కొన్నాం. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఎవరిది కొన్నా ఒక్కో రకం స్వభావం మారదు, కొనబోయేవాళ్లకు తెలియాల్సింది కూడా అదే. నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. నెలకు రెండుసార్లు పిల్లల్ని తీసుకుని నగరం అంచున ఉన్న ఒక చెరువు దగ్గరికి వెళ్తాం. ఇక్కడ రాసేదంతా ఆ చెరువు కట్ట మీద నేర్చుకున్నదే.

పోలరోగ్రాఫిక్ ప్రోబు ఆన్ చేయగానే పనికి రాదు, పది పదిహేను నిమిషాలు ఆగాలి. అది పెద్ద ఇబ్బంది కాదు. అసలు చిక్కు ఏమిటంటే, ఈ ప్రోబు తాను కొలిచే ఆక్సిజన్‌ను తానే తినేస్తుంది. పొర దాటి వచ్చిన ఆక్సిజన్ బంగారు కాథోడ్ దగ్గర ఖర్చయిపోతుంది, ఆ ఖర్చుకు తగ్గ కరెంటే మనకు అంకెగా కనిపిస్తుంది. నీళ్లు కదలకపోతే పొర పక్కనున్న ఆక్సిజన్ అయిపోతుంది, అంకె దిగుతూ పోతుంది. ఈ సంగతి మాన్యువల్‌లో ఉంది. నేను చదివాను కూడా. అయినా మొదటి రెండు నెలలు కేబుల్ వదిలి, "స్థిరపడనిద్దాం" అంటూ నిలబడ్డాం. 5.8 (లీటరుకు మిల్లీగ్రాములు, ఇక్కడి ఆక్సిజన్ అంకెలన్నీ ఈ లెక్కే) అనేది 5.1 అయింది, కాసేపటికి 4.3 అయింది. చివరి అంకెనే పుస్తకంలో రాసుకున్నాం. ఒకరోజు కేబుల్ పట్టుకున్న అమ్మాయి చేయి నొప్పి పుట్టి అటూ ఇటూ ఊపింది. అంకె మళ్లీ 5.7కి ఎక్కింది. ఆ సాయంత్రమే రెండు నెలల రాతలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఆ పేజీలు చించలేదు, ప్రతి కొత్త బ్యాచ్‌కూ చూపిస్తాను.

అప్పటినుంచి ప్రోబును నీళ్లలో ఆపకుండా నెమ్మదిగా ఊపుతూనే చదువుతాం. పైకీ కిందికీ ఊపితే లోతు మారిపోతుంది, అడ్డంగానే ఊపాలి.

పొర మార్చడం ఓపిక కావాల్సిన పని. కింద చిన్న గాలిబుడగ చిక్కినా, పొర మీద ముడత పడినా అంకె నిలవదు. నాలా కలిసే చోట బురద నల్లగా, కుళ్లిన గుడ్ల వాసన వేస్తూ ఉంటుంది. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ప్రోబులోని వెండి ఆనోడ్ నల్లబడిపోతుంది. అమ్మోనియా ద్రావణంలో నానబెట్టి, కడిగి, కొత్త ద్రావణం పోసి, కొత్త పొర వేయాలి. మురుగు కలిసే చెరువులో ఈ రకం వాడతామంటే దాదాపు ప్రతి ట్రిప్పుకూ ఈ సేవ తప్పదు.

ఆప్టికల్ ప్రోబు అలా కాదు. కొన మీది టోపీలో ఒక రంగు పూత ఉంటుంది. దాని మీద నీలి కాంతి పడితే ఎర్రగా మెరుస్తుంది. ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే ఆ మెరుపు అంత త్వరగా ఆరిపోతుంది, ఆ ఆరిపోయే తీరునే పరికరం లెక్కగడుతుంది. ఆక్సిజన్‌ను తినదు కాబట్టి నిశ్చలమైన నీళ్లలోనూ నిజమే చెప్తుంది. నాలా దగ్గర కూడా మొరాయించలేదు. కానీ నిదానం. ఒక లోతు నుంచి ఇంకో లోతుకు దించాక నిమిషం పైనే ఆగాలి. పిల్లలు తొందరపడి ఇరవై సెకన్లకే రాసేస్తే, అది పై పొర అంకెకూ కింది పొర అంకెకూ మధ్యన ఉంటుంది. టోపీ ఎండకుండా తడిగా దాచాలి, ఏడాదికో రెండేళ్లకో మార్చాలి, ఆ టోపీ చవక కాదు. మూడు రోజులు నీళ్లలోనే ఉంచితే దాని మీద నాచు పడుతుంది. ఆ నాచు పగలు ఆక్సిజన్ వదిలి, రాత్రి పీల్చుకుని, మనకు చెరువు బదులు తన సంగతి చెప్తుంది. మెత్తటి గుడ్డతో తుడవాలి, గోరు తగలనీయకూడదు.

మన ఊళ్లో రెండు రకాలకూ వర్తించే విషయం ఒకటుంది. కాలిబ్రేషన్‌లో, అంటే కొలిచే ముందు పరికరాన్ని సరిచేసుకునేటప్పుడు, అది గాలి ఒత్తిడి అడుగుతుంది. నేను మొదట్లో వాతావరణ బులెటిన్ చూసి 1010 హెక్టోపాస్కల్స్ అని ఎక్కించాను. అది సముద్రమట్టానికి లెక్కగట్టి ఇచ్చే అంకె. హైదరాబాద్ ఉన్నది సుమారు 540 మీటర్ల ఎత్తున, ఇక్కడ గాలి నిజంగా మోపే ఒత్తిడి 950 దరిదాపుల్లో ఉంటుంది. 25 డిగ్రీల మంచినీళ్లు సముద్రమట్టం దగ్గర లీటరుకు 8.26 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, మన దగ్గర సుమారు 7.7 పట్టుకుంటాయి. నేను చేసిన పొరపాటుకు ప్రతి అంకె ఆరు శాతం ఎక్కువ వచ్చింది. ప్రాణం మీదికొచ్చిన చెరువుకు ఆ ఆరు శాతం చిన్నది కాదు. ఇంకో మాట: ఎండలో కట్ట మీద పెట్టి కాలిబ్రేట్ చేయకండి. టోపీ ఒక వేడిలో, లోపలి థర్మామీటర్ ఇంకో వేడిలో ఉంటాయి. మేం తడి స్పాంజి పెట్టిన కప్పులో ప్రోబు పెట్టి, వేపచెట్టు నీడలో పావుగంట వదిలేస్తాం.

ఇదంతా సరిచేసుకున్నాక కూడా మా అంకెలు చెరువు సంగతి చెప్పలేదు. ఆ సంగతి చెప్పింది అక్కడ చేపలు పట్టే పెద్దాయన. మేం ఎప్పుడూ పదకొండింటికి వెళ్లి, కట్ట మీద నిలబడి, జానెడు లోతులో ముంచేవాళ్లం. 8, 9, ఒక్కోసారి 11. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి కాబట్టి నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతోందని పిల్లలకు పాఠం కూడా చెప్పాను. ఆయన విని, "మేడం, పొద్దుగాల వచ్చి చూడుండ్రి. చేపలన్నీ పైకొచ్చి నోర్లు తెరుస్తయి. గప్పుడు మీ మిషన్ ఏం చెప్తదో చూద్దాం" అన్నారు.

ముందు ఆయన థర్మాకోల్ తెప్ప మీద మధ్యకు వెళ్లాం. కేబుల్‌కు అరమీటరుకో రంగు టేపు చుట్టి, కొనకు చిన్న సీసం గుండు కట్టాం. అదే పదకొండు గంటల వేళ, జానెడు లోతున 11.6. మీటరు లోతున 5.9. మీటరున్నర దగ్గర 1.4. అడుగు బురదకు తగిలితే సున్నా, అది నీటి అంకె కాదని పక్కన రాసుకున్నాం. కట్ట మీద నిలబడి మేం రెండేళ్లు కొలిచింది చెరువు పైన పరుచుకున్న పల్చటి దుప్పటిని మాత్రమే.

తర్వాత మధ్యలో ఒక వెదురు బొంగు పాతి, ఆప్టికల్ ప్రోబును మూరెడు లోతున కట్టి, పావుగంటకోసారి అంకె దాచుకునేలా పెట్టాం. చీకటి పడగానే నాచు ఇవ్వడం మానేసింది. నాచు, చేపలు, అడుగున మురుగును తినే సూక్ష్మజీవులు అందరూ రాత్రంతా పీల్చుకున్నారు. తెల్లవారుజామున ఐదున్నరకు 0.9. చేపల పెంపకానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కనీస ప్రమాణం 4. పెద్దాయన ఆ రాత్రి అంకెల గ్రాఫు చూసి ఏమీ అనలేదు, తలూపారు. ఆయనకు అది కొత్త సంగతి కాదు.

ఆ తర్వాతి జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన మర్నాడు బొచ్చెలు, రవ్వలు కట్ట పొడవునా తేలాయి. నాలా కొట్టుకొచ్చిన మురుగుకు ఆక్సిజన్ ఒక్కసారిగా అయిపోయింది. కొరమీను మటుకు బతికింది, అది పైకొచ్చి గాలి పీలుస్తుంది. నీళ్లు పరీక్షించడానికి వచ్చినవాళ్లు మధ్యాహ్నం వేళ, ఎండ కాస్తుండగా, అలుగు పక్కన మీటర్ ముంచి ఆక్సిజన్ బాగానే ఉందని రాసుకుని వెళ్లారు. వాళ్ల మీటర్ చెడ్డదని నేననను. అలుగు దగ్గర నీళ్లు దూకి గాలి కలుపుకుంటాయి, కాలు జారకుండా నిలబడే చోటు కూడా అదే, అందుకే అందరూ అక్కడే ముంచుతారు. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది, బాధ కూడా. వలల మీద బతికే ఇళ్లు అక్కడ పదిహేను దాకా ఉన్నాయి.

అప్పటినుంచి చోట్లు మార్చలేదు: నాలా నోరు, తూము, గుర్రపుడెక్క కింద, మధ్యలో వెదురు బొంగు. గుర్రపుడెక్క కింద పగలు కూడా అంకె 2 దాటడం అరుదు. వెలుతురు దిగదు, గాలి తగలదు. గాలి వీచే దిక్కు కూడా పక్కన రాస్తాం, ఎందుకంటే నాచు తెట్టె అంతా ఒక ఒడ్డుకే చేరి అక్కడి అంకెను పెంచేస్తుంది.

ఏది కొనమంటారని అడిగితే: ల్యాబులో స్టిర్రర్ (నీళ్లను కలియదిప్పే పరికరం) మీద బీకరు పెట్టి కొలిచేవాళ్లకు పోలరోగ్రాఫిక్ చాలు, డబ్బు మిగులుతుంది. చెరువులో, ముఖ్యంగా రాత్రంతా వదిలేయాలంటే, ఆప్టికల్ తప్ప ఇంకోటి వద్దు. డబ్బు తక్కువైతే రెండో మీటర్ మానుకుని పొడవైన కేబుల్ తీసుకోండి, మూడు మీటర్లది దొరికినా మేలే. ఏది కొన్నా, నెలకోసారి వింక్లర్ పద్ధతిలో, అంటే సీసాలో పట్టిన నీళ్లలోని ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచి, సరిచూసుకోండి. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ నమ్మకమైనది. 300 మిల్లీలీటర్ల సీసా గాలిబుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేటు, క్షార అయొడైడ్ అక్కడికక్కడే కలపాలి. మురుగు నీళ్లకైతే అందులో అజైడ్ ఉండాలి, లేకపోతే నైట్రైట్ లెక్క తప్పిస్తుంది. మా ఆప్టికల్ ప్రోబుకూ సీసాకూ తేడా ఇప్పటిదాకా 0.3 దాటలేదు. దాటిన రోజు టోపీ మారుస్తాను.

వెదురు బొంగు ఇప్పుడు మూడోది. శుక్రవారం సాయంత్రం ప్రోబు కట్టేది మేమే, శనివారం పొద్దున్నే తెప్ప మీద వెళ్లి విప్పుకొచ్చేది పెద్దాయన. విప్పేముందు తెర మీది అంకె ఫోన్‌లో ఫోటో తీసి నాకు పంపుతారు, కింద "ఇయ్యాల జర నయం మేడం" అనో, "చేపలు పైకొచ్చినయి" అనో రాస్తారు. ఆయన రాసిన ఆ మాటను కూడా అంకె పక్కనే పుస్తకంలో రాసుకుంటున్నాం.