304 అని చెప్పి 202 అంటగట్టాడు: బార్బెక్యూ కొనేవాళ్లు చూసుకోండి

ఎండాడ, రుషికొండ, లాసన్స్ బే వైపు వాళ్లు ముందు చదవండి. బొగ్గుల బార్బెక్యూ కోసం తిరుగుతుంటే, "మేమే చేస్తాం సార్, మొత్తం 304" అనే ఆ షాపు జోలికి మాత్రం పోకండి. పేరు రాయను. అక్కడ కొన్నవాళ్లకి ఈపాటికి అర్థమైపోయుంటుంది. తెలియనివాళ్లకి: 304, 202 అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ గ్రేడులు, 304 మేలురకం, 202 చవకరకం.

8,500 పోశాను. మూడు వారాలు, నాలుగుసార్లు వెలిగించాను, అంతే. మొదట వెల్డింగ్ అతుకుల దగ్గర గోధుమరంగు చుక్కలు, తర్వాత కాళ్ల బోల్టులు, ఆపైన బూడిద కూర్చునే అడుగు. వేలు పెడితే కుంకుమ ముట్టుకున్నట్టు అంటుకుంటోంది.

పట్టుకెళ్లి చూపించాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. జేబులోంచి బైకు తాళం తీసి ఆ మచ్చ మీద రెండుసార్లు గీకి, "ఇది తుప్పు కాదండి, మసాలా మరక" అన్నాడు. మసాలా మరకట! బోల్టులకి మసాలా ఎవరు పట్టిస్తారండీ? గ్రిల్ కాళ్లకి కూడా ఉప్పూ కారం రాసి రాత్రంతా నానబెట్టాననుకున్నాడు కాబోలు. నేను నోరు తెరిచేలోగా సొరుగులోంచి అయస్కాంతం తీసి మూతకి ఆనించి వదిలేశాడు. జారి కిందపడింది. "చూశారా, అంటుకోలేదు. 304 కాకపోతే ఏటిది?" అని పక్కనున్న ఇద్దరు కస్టమర్లకి వినబడేలా గట్టిగా. వాళ్లిద్దరూ నావైపు జాలిగా చూశారు.

చూడాల్సిందే లెండి. కొన్నరోజు జేబులో అయస్కాంతం వేసుకెళ్లిన మేధావిని నేనే. 202కీ అయస్కాంతం అంటుకోదని తెలిసి కూడా! 304లో నికెల్ 8 శాతం ఉంటుంది. 202లో దాన్ని సగానికి కోసి, ఆ లోటు మాంగనీసుతో పూడుస్తారు. రెండూ అయస్కాంతానికి ఒకటే. పైగా వంచిన చోట అసలైన 304కే కాస్త అంటుకుంటుంది.

ఆటోనగర్‌లో వెల్డింగ్ మేస్త్రి టెస్టింగ్ మందు ఒక చుక్క వేసి, 9 వోల్టుల బ్యాటరీ తీగలు తాకించాడు. చుక్క ఎర్రబడింది. "202 సార్" అన్నాడు. రెండు నిమిషాల పని. డబ్బు కట్టకముందు ఆ రెండు నిమిషాలు నాకు దొరకలేదు మరి.

పైనుండే జాలీ ఇంకా ఘోరం. చువ్వ చివర ఆకురాయితో రుద్దితే లోపల మామూలు ఇనుము, పైన క్రోమ్ పూత. నిప్పుల వేడికి పూత పెచ్చులు లేస్తుంది, ఆ పెచ్చులు చికెన్ ముక్కలకి అంటుకుని ప్లేట్లోకి వస్తాయి.

ఆ షాపాయన చివర్లో ఇంకో మాట అన్నాడు, "ఉప్పుగాలండి, వైజాగ్‌లో ఏదైనా తుప్పు పడుద్ది" అని. మసాలా మరకకి మళ్లీ ఉప్పుగాలి ఎందుకో! అయినా సగం నిజమే. సముద్రం పక్కన 304 కూడా పైపైన టీ మరకల్లా రంగు తిరుగుతుంది. కానీ అది తోమితే పోతుంది, మూడు వారాలకే ఇలా తినేయదు. ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉంటే మాలిబ్డినం కలిసిన 316 అడగండి. ధర విన్నాక గుండె పట్టుకుంటారు, అది వేరే సంగతి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామని బిల్లు తీస్తే అందులో ఉన్నది "స్టీల్ గ్రిల్ – 1". 304 అన్న ముక్కే లేదు. చదవకుండా జేబులో పెట్టుకున్నది కూడా నేనే.

కాబట్టి బిల్లులో గ్రేడు రాయించండి, రాయనంటే లేచి వచ్చేయండి. చుక్క పరీక్ష మూతకొకటి, అడుగుకొకటి, బోల్టుకొకటి విడివిడిగా చేయించండి. ఇప్పటికే కొనేసినవాళ్లు బూడిదని పూర్తిగా చల్లారాక మర్నాడే ఎత్తేయండి, అది తేమ పీల్చి అడుగు తినేస్తుంది. ఇనప పీచుతో తోమకండి, దాని పొడి ఇరుక్కుని అదే తుప్పు పడుతుంది. జాలీ వేడిగా ఉండగానే సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, కాస్త నూనె పట్టించండి. పూత లేచిన జాలీకి మాత్రం ఎంత నూనె రాసినా దండగే, పారేయండి.