డెలవేర్ నది వెంట మూడు రాష్ట్రాలు, మూడు రోజులు

ఎడిసన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రులు చూసే చోట్లు దాదాపు ఒకటే: న్యూయార్క్, నయాగరా, వాషింగ్టన్, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి. మేం అవన్నీ చూసేశాం. మూడోసారి వచ్చినప్పుడు, అక్టోబరులో, "ఈసారి నది వెంట వెళ్దామమ్మా" అని మా అమ్మాయిని అడిగాను. కాకినాడలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. అమెరికాలో పదమూడు ఇంగ్లిష్ వలసలు అని పిల్లల చేత బట్టీ పట్టించాను. అందులో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, డెలవేర్ మూడూ పక్కపక్కనే ఉండి విడివిడి రాష్ట్రాలు ఎందుకయ్యాయో మాత్రం నాకూ సరిగా తెలియదు.

మొదట పెర్త్ ఆంబాయ్. ఎడిసన్ దగ్గరి ఊరే, అయినా మనవాళ్లు ఎవరూ వెళ్లరు. 1664లో ఇంగ్లండ్ రాజు తమ్ముడు యార్క్ డ్యూక్ ఇప్పటి న్యూజెర్సీ నేలను బర్క్‌లీ, కార్టరెట్ అనే ఇద్దరు దొరలకు ఇచ్చాడు. 1676లో అది తూర్పు జెర్సీ, పశ్చిమ జెర్సీ అని రెండుగా చీలింది. తూర్పుకు పెర్త్ ఆంబాయ్, పశ్చిమానికి నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ రాజధానులు. 1702లో మళ్లీ ఒకటయ్యాయి. ఇప్పటికీ ఉత్తరం వాళ్ల ఉద్యోగాలు, టీవీ చానళ్లు న్యూయార్క్‌వి, దక్షిణం వాళ్లవి ఫిలడెల్ఫియావి అని మా అల్లుడు చెబితే ఆ పాత గీత గుర్తొచ్చింది. ఇక్కడ ప్రొప్రయటరీ హౌస్ అనే పాత గవర్నర్ భవనం ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొడుకు విలియం అందులో ఉండేవాడు. తండ్రి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం పెట్టిన 1776లోనే, రాజు పక్షం వదలనందుకు కొడుకు అరెస్టయ్యాడు. ఆ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాను. అన్ని రోజులూ తెరిచి ఉండదు, ముందు ఫోన్ చేసి వెళ్లండి.

ట్రెంటన్‌లో ఆగింది అరగంటే. సముద్రపు పోటు నది మీదుగా ఇక్కడి రాళ్లదాకానే వస్తుంది. ఓడలు కూడా ఇక్కడిదాకానే వచ్చేవి. పాత ఊళ్లన్నీ దిగువనే ఎందుకున్నాయో గోదావరి జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఫిలడెల్ఫియా ఒక్కటే చూడాలనుకుంటే కారు వద్దు. పార్కింగ్‌కే బోలెడు అవుతుంది. మెట్రోపార్క్ స్టేషన్ నుంచి న్యూజెర్సీ ట్రాన్సిట్‌లో ట్రెంటన్, అదే స్టేషన్‌లో ఫిలడెల్ఫియా వెళ్లే సెప్టా రైలు మారితే చాలు. లిబర్టీ బెల్ అనే పాత గంట చూడ్డానికి టికెట్ లేదు. స్వాతంత్ర్య ప్రకటన జరిగిన ఇండిపెండెన్స్ హాల్‌కు మాత్రం ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకోవాలి. సెక్యూరిటీ లైన్ పొడవుగా ఉంది, మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, కాస్త టెన్షన్ పడ్డాం. అక్కడి రేంజర్ ఒకాయన చూసి కుర్చీ తెచ్చి వేశాడు. 1681లో రెండో చార్లెస్ రాజు, విలియం పెన్ తండ్రికి ఉన్న 16,000 పౌండ్ల బాకీకి బదులుగా ఇంత పెన్సిల్వేనియా రాష్ట్రాన్ని పెన్‌కు రాసిచ్చాడు. పెన్ మూలవాసులైన లెనాపే వాళ్లతో మర్యాదగా నడిచాడని పేరు. ఆయన కొడుకులు 1737లో, ఒకటిన్నర రోజులో మనిషి నడిచినంత భూమి మాది అనే పాత కాగితం చూపించి, ముందే బాట వేయించి, వేగంగా వెళ్లే ముగ్గుర్ని కూలికి పెట్టి లాక్కున్నారు. గంట చూసి తిరిగివచ్చేవాళ్లు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

రాత్రి బస విల్మింగ్టన్ దగ్గర హైవే పక్క మోటెల్‌లో. అది తప్పే అయింది. కింది అంతస్తు గది అడిగి బుక్ చేస్తే పై అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు, డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. పొద్దున టిఫిన్‌కు బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్. మా ఆవిడ తెచ్చిన పులిహోరే ఆదుకుంది. పెద్దవాళ్లతో వెళ్తే గది సంగతి వెబ్‌సైట్‌లో రాసి ఊరుకోకుండా నేరుగా ఫోన్ చేసి ఖాయం చేసుకోండి.

మూడు రోజుల్లో నాకు బాగా నచ్చింది డెలవేర్‌లోని న్యూకాసిల్. చిన్న ఊరు, రాళ్లు పరిచిన వీధి, పక్కనే నది. ఈ తీరానికి 1638లో స్వీడన్ వాళ్లు, తర్వాత డచ్చివాళ్లు, 1664లో ఇంగ్లిష్‌వాళ్లు వచ్చారు. 1682లో పెన్ ఇక్కడే దిగితే ఊరివాళ్లు ఓ గడ్డిపెళ్ల, ఓ కొమ్మ, నది నీళ్లు, మట్టి చేతికిచ్చి నేల అప్పగించారు. కానీ ఇప్పటి డెలవేర్ అయిన ఇక్కడి మూడు కౌంటీల (జిల్లాల) వాళ్లు పెన్సిల్వేనియాతో పొసగక 1704లో వేరే సభ పెట్టుకున్నారు. 1776 జూన్ 15న ఇక్కడి కోర్టు హౌస్‌లోనే బ్రిటన్ నుంచీ, పెన్సిల్వేనియా నుంచీ ఒకేసారి విడిపోయారు. ఆ కోర్టు హౌస్ చూడ్డానికి డబ్బులు అక్కర్లేదు. దాని పైనున్న చిన్న గోపురం కేంద్రంగా పన్నెండు మైళ్ల వ్యాసార్ధంతో గీసిన వృత్తంలో ముక్కే డెలవేర్ ఉత్తరపు సరిహద్దు. మ్యాపులో ఆ వంపు ఎన్నిసార్లు చూశానో, అది ఎక్కడినుంచి గీశారో అక్కడ నిలబడేదాకా తెలియలేదు.

ఆ వృత్తం వల్ల న్యూకాసిల్ ఎదురుగా నది సగం సగం కాదు. అవతలి న్యూజెర్సీ ఒడ్డున, పోటు తగ్గినప్పటి నీళ్ల అంచుదాకా డెలవేర్‌దే. దీని మీద రెండు రాష్ట్రాలూ సుప్రీంకోర్టుకు ఎక్కాయి. 1934లోనూ, 2008లోనూ డెలవేర్‌దే పైచేయి. యానాం పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి, పాత దొరలు గీసిన గీత మన రోజుల్లో కూడా ఎలా పనిచేస్తుందో నాకు కొత్త కాదు. యానాంలో లాగే ఇక్కడా కొనుగోళ్లకు పక్కవాళ్లు వస్తారు, డెలవేర్‌లో సేల్స్ టాక్స్ లేదు.

తిరుగు ప్రయాణంలో డెలవేర్ మెమోరియల్ బ్రిడ్జి మీద టోల్ లేదు, డెలవేర్‌లోకి వచ్చేటప్పుడే కట్టించుకుంటారు. బర్లింగ్టన్ మిగిలిపోయింది. ట్రెంటన్ నుంచి రివర్ లైన్ రైలు ఆ ఊరి మీదుగానే వెళ్తుంది. మా ఆవిడ మోకాళ్లు సహకరిస్తే వచ్చే నెల అందులో వెళ్తాం.