రింక్ అద్దం పక్కన నాలుగు సీజన్లు: కానన్ 70-200 ఎఫ్/2.8 ఐఎస్ 2

ముందే చెప్పేస్తా: రింకులో, అంటే మంచు పరిచిన ఆట మైదానంలో, ఐస్ హాకీ ఫొటోలు తీయడానికి ఈ జూమ్ లెన్స్ కొనొచ్చు, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. ఇది 2010లో వచ్చింది. 2018లో దీని తర్వాతి మోడల్ వచ్చినా అందులో మారింది ముఖ్యంగా గాజు మీది పూతలే, డబ్బులు మిగుల్చుకోదలిస్తే పాతదే చాలు. కాకపోతే రింక్‌లో ఫొటో బాగా రావడం సగమే లెన్స్ చేతిలో ఉంది. మిగతా సగం మీకూ మంచుకూ మధ్య, రింక్ చుట్టూ రక్షణగా నిలబడ్డ అద్దానిది. ఇక్కడ ఎక్కువగా చెప్పేది దాని గురించే.

వాడిన జోడీ కానన్ ఆర్6 బాడీ (కెమెరా), దానికి ఈ లెన్స్‌ని తగిలించే అడాప్టర్, ఈ లెన్స్. వాడింది అమెరికా ఊళ్లలోని మామూలు రింకుల్లో: 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ హాకీ లీగ్) అరీనాల్లోనైతే ఫొటోగ్రాఫర్ల కోసం మూలల్లో అద్దానికి లెన్స్ పట్టేంత కంత కోసి ఉంచుతారు. ఊరి రింకులో ఆ భోగం ఉండదు, అద్దంలోంచే తీసుకోవాలి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో కెనడాలోని బ్రాంప్టన్‌లోనో పిల్లల్ని హాకీలో చేర్పించిన మనవాళ్లకు ఎదురయ్యేదీ ఇదే.

ఆట మొదలయ్యే అరగంట ముందే వెళ్లి మనం నిలబడే చోటి పానెల్ (అద్దపు పలక) చూసుకోవాలి. పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) తగిలిన చోటల్లా నల్లటి రబ్బరు మరక పడుతుంది. యాక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) పానెల్ అయితే దాని మీద సన్నటి గీతలు కూడా ఉంటాయి, లైటు పడితే ఫొటో మొత్తం పాలిపోతుంది. టెంపర్డ్ గ్లాస్‌కి గీతలు తక్కువ, కొంచెం పచ్చ ఛాయ ఉంటుంది. గోల్ లైన్‌కీ, పక్ వదిలి ఆట మొదలుపెట్టే ఫేసాఫ్ వలయానికీ మధ్య, మీ కంటి ఎత్తులో రెండు అరచేతులంత శుభ్రమైన చోటు దొరికితే చాలు. మన వైపు మైక్రోఫైబర్ గుడ్డతో తుడుచుకోవచ్చు. లోపలి వైపు రింక్ సిబ్బంది తుడవాల్సిందే, మర్యాదగా అడిగితే కాదనరు.

లెన్స్‌తో వచ్చే గట్టి ప్లాస్టిక్ హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు) ఇక్కడ పనికిరాదు. అది అద్దానికి ఒద్దికగా ఆనదు, సందులోంచి వెనక లాబీ లైట్లు ప్రతిబింబిస్తాయి. లెన్స్ ముందున్న 77 మి.మీ. స్క్రూ గాడికి సరిపడే మడత రబ్బరు హుడ్ కొని, అద్దానికి గట్టిగా అదిమి పట్టాలి. యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి, పైకప్పు లైట్ల దెయ్యాలు (ఫొటోలో పడే ఉత్తుత్తి మెరుపులు) సగం దాని వల్లే. లెన్స్ అద్దానికి సూటిగా ఎదురుగా ఉన్నంతసేపు ఫొటో నిక్కచ్చిగా వస్తుంది. పక్కకి బాగా వాలిస్తే మందపాటి అద్దంలో వెలుగు వంకరపోయి, జెర్సీ నంబరు పక్కన నీడలా రెండో అంచు కనిపిస్తుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచెయ్యలేదు. అంచేత ఒక చోట నిలబడితే ఎదురుగా ఉన్న ముక్కే మనది, మిగతా రింక్ మీద ఆశ వదులుకోవాలి.

మీ ఎదుటే ఆటగాళ్లు బోర్డులకి (రింక్ చుట్టూ ఉండే గోడకి) గుద్దుకుంటే అద్దం వంగి కెమెరాను మీ కనుబొమకేసి కొడుతుంది. యాక్రిలిక్ మరీ ఎక్కువ వంగుతుంది. ఇద్దరు మీవైపు దూసుకొస్తుంటే కెమెరాను జానెడు వెనక్కి లాగేయండి, ఆ ఫ్రేమ్ పోతే పోయింది.

ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లోనే. ఆటోకి వదిలేస్తే కెమెరా తెల్లటి మంచును బూడిద రంగు చేసేస్తుంది, హెల్మెట్ లోపలి ముఖాలు నల్లబడతాయి. కెమెరా మీటర్ చెప్పినదాని కన్నా దాదాపు ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుగు) ఎక్కువ ఇవ్వాలి. మామూలు రింకుల్లో షటర్ వేగం 1/1000 సెకను, ఎపర్చర్ ఎఫ్/2.8, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200 నుంచి 5000 దగ్గర కుదురుతుంది. మూలల్లో వెలుగు తగ్గుతుంది, అక్కడికో రీడింగు విడిగా తీసి పెట్టుకోండి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చే సెట్టింగు) కోసం నిలబడ్డ చోటి నుంచే, అదే అద్దంలోంచి ఖాళీ మంచును ఫొటో తీసి కస్టమ్‌గా పెట్టుకుంటే పచ్చ ఛాయ కూడా పోతుంది.

పాత మెటల్ హాలైడ్ లైట్లున్న చోట ఇంకో తలనొప్పి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, లైటు సెకనుకు 120 సార్లు ఎగిసి పడుతుంది. 1/1000లో అందులో చిన్న ముక్కే దొరుకుతుంది కాబట్టి వరస ఫొటోల్లో ఒకటి వెలుగుగా, పక్కది చీకటిగా, రంగు మారి వస్తాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే తగ్గుతుంది, బర్స్ట్ (వరస ఫొటోల) వేగం కాస్త పడిపోతుంది. సైలెంట్ షటర్ (శబ్దం లేని ఎలక్ట్రానిక్ షటర్) జోలికి పోవద్దు, ఎల్ఈడీల కింద ఫొటో మీద చారలు పడతాయి.

ఫోకస్ లిమిటర్ స్విచ్ (లెన్స్ ఎంత దగ్గరి దాకా వెతకాలో చెప్పేది) 2.5 మీటర్ల వైపు ఉంచండి. 1.2 వైపు వదిలేస్తే ఆటగాడు తప్పిపోయిన ప్రతిసారీ లెన్స్ దగ్గరికంటా వెతుక్కుంటూ పోయి, తిరిగొచ్చేలోపు గోల్ అయిపోతుంది. 12 మీటర్ల దూరంలో, 200 మి.మీ. దగ్గర, ఎఫ్/2.8లో స్పష్టంగా ఉండే లోతు దాదాపు 60 సెం.మీ. మాత్రమే. ముందుకు చాచిన స్టిక్ బ్లేడు మీద ఫోకస్ పడితే ముఖం పోయినట్టే. పిల్లల హెల్మెట్లకి ఇనుప జాలి ఉంటుంది, కన్ను పట్టే ఆటోఫోకస్ తరచూ ఆ జాలీనే పట్టుకుంటుంది. ఛాతీ మీది లోగో మీద చిన్న జోన్ పెట్టడం నయం. ఈ వేగంలో, చేతి వణుకు తగ్గించే స్టెబిలైజర్‌తో పని లేదు, ఆపేయొచ్చు.

జూమ్ నిడివి విషయం. అదే 12 మీటర్లలో, కెమెరా నిలువుగా తిప్పితే 200 దగ్గర ఫ్రేమ్ ఎత్తు దాదాపు 2.2 మీటర్లు, అంటే ఒక ఆటగాడు నిండుగా పడతాడు. 1.6 క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ కెమెరా) మీద 1.3 మీటర్లే వస్తుంది, కాళ్లు తెగుతాయి, 120 మి.మీ. దాకా జూమ్ తగ్గించాలి. అవతలి గోల్ దాదాపు 55 మీటర్ల దూరం, ఈ లెన్స్‌తో దాన్ని మర్చిపోండి. ఎలాగూ ప్రతి పీరియడ్‌కీ (ఆటలోని మూడు భాగాల్లో ఒక్కోదానికీ) జట్లు వైపులు మారతాయి, ఉన్న మూలలోనే ఉంటే ఇద్దరి దాడులూ దొరుకుతాయి.

బరువు 1490 గ్రాములు. బాడీ, అడాప్టర్‌తో కలిపి రెండు కిలోలు దాటుతుంది, మూడో పీరియడ్‌కి ఎడమ మణికట్టు గుర్తు చేస్తుంది. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మంచిదే, అద్దం దగ్గర ఉన్నట్టుండి వెనక్కి లాగడానికి మాత్రం అడ్డం.

ఆట అయ్యాక చల్లటి లెన్స్‌ని వెచ్చటి లాబీలోకి నేరుగా తెస్తే ఒళ్లంతా చెమట పడుతుంది. రింక్ లోపలే సంచి జిప్పు మూసేసి, ఇంటికెళ్లాక గంట వరకూ తెరవకండి. మూసే ముందు కార్డు తీసి జేబులో వేసుకుంటే ఆ గంటలో ఫొటోలు ఏరుకోవచ్చు.