జీనోమ్ వ్యాలీ వ్యాక్సిన్ ల్యాబ్‌లో నాలుగు నెలల ప్రాజెక్టు: 5కి 3

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు హైదరాబాద్ దగ్గర జీనోమ్ వ్యాలీలో, తుర్కపల్లి వైపు ఒక వ్యాక్సిన్ కంపెనీలో చేశాను. పేరు చెప్పను, బయట చెప్పబోమని సంతకం పెట్టించుకున్నారు. ఫీజు 25,000. స్టైపెండ్ లేదు. అల్వాల్‌లో హాస్టల్ ఖర్చు వేరే.

నాకిచ్చింది న్యుమోకాకస్. పిల్లలకు నిమోనియా, మెనింజైటిస్ తెచ్చే బ్యాక్టీరియా. దాని ఒంటి చుట్టూ చక్కెర పొర ఉంటుంది, ఆ పొరలో తేడాలను బట్టి 100కు పైగా రకాలున్నాయి. ఉత్త చక్కెరను టీకాగా ఇస్తే రెండేళ్ల లోపు పిల్లల ఒంట్లో సరిగ్గా యాంటీబాడీలు రావు, అందుకని దాన్ని ఒక ప్రోటీన్‌కి అతికిస్తారు. 2021 నుంచి దేశమంతటా పిల్లలకు ఉచితంగా వేస్తున్న పీసీవీ (న్యుమోకాకల్ కాంజుగేట్ వ్యాక్సిన్) ఈ రకమే.

మొదటి నెలన్నర కల్చర్ (ల్యాబ్‌లో పెంచే బ్యాక్టీరియా) ముట్టుకోనివ్వలేదు. ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన కాగితాలు) చదవడం, బ్యాక్టీరియాకి మేతగా వేసే మీడియా పొడులు తూచడం, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్ లాగ్‌బుక్ నింపడం, అంతే. దీనికా నాన్న చీటీ పాడి డబ్బు కట్టింది అని ఏడుపొచ్చేది.

తర్వాత బెంచ్ (సొంతంగా ప్రయోగాలు చేసుకునే చోటు) ఇచ్చారు. మొదటి రోజే కాలేజీలో ఈ.కోలి అనే మామూలు ల్యాబ్ బ్యాక్టీరియాకి చేసినట్టు ఫ్లాస్కుని షేకర్‌లో పెట్టి, రాత్రంతా వదిలేసి వెళ్లిపోయాను. పొద్దున చూస్తే చిక్కగా ఉండాల్సిన బ్రాత్ (బ్యాక్టీరియా పెరిగే ద్రవం) తేటగా ఉంది! గైడ్ మేడమ్ ఫ్లాస్కు వెలుతురుకి పట్టి చూసి, "ఇది ఈ.కోలి కాదమ్మా, ఎక్కువసేపు ఉంచితే దాని ఎంజైమ్‌తోనే అది కరిగిపోతుంది" అన్నారు. తిట్టలేదు. కదపకుండా, కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో పెట్టి, గంట గంటకీ ఓడీ (బ్యాక్టీరియా ఎంత చిక్కగా పెరిగిందో చెప్పే అంకె) చూడమన్నారు. 0.4 దాటగానే గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు, ఓడీ ఎక్కడ దాటిపోతుందోనని టెన్షన్. బ్లడ్ అగార్ (రక్తం కలిపిన జెల్లీ ప్లేటు) మీద మధ్యలో వేలితో నొక్కినట్టు గుంటపడ్డ కాలనీలు, చుట్టూ ఆకుపచ్చటి మరక, ఇప్పుడైతే దూరం నుంచే గుర్తుపడతాను. మూడు మార్కులూ ఆ మేడమ్‌కే.

క్యాంటీన్ పప్పు బాగుంటుంది. హెచ్‌ఆర్ వాళ్లు మెయిల్‌కి జవాబివ్వరు. సర్టిఫికెట్ చేతికి రావడానికి ఏడు వారాలు పట్టింది.

చేరాలనుకుంటే రెండు విషయాలు ముందే రాతపూర్వకంగా అడగండి: బెంచ్ ఎప్పటినుంచి ఇస్తారు, థీసిస్‌లో ఏ అంకెలు రాయనిస్తారు. రెండోది నేను అడగలేదు. నా థీసిస్‌లో ఎలైజా (యాంటీబాడీల్లాంటి వాటిని కొలిచే పరీక్ష) గ్రాఫులన్నిట్లో అంకెలు తీయించేశారు. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ పేజీ అటూ ఇటూ తిప్పి, "గీత పైకి పోతోంది సరే, ఎక్కడినుంచి ఎక్కడికమ్మా?" అన్నారు.

"కాన్ఫిడెన్షియల్ సార్" అన్నాను.